అల్లుడుగారు పెట్టిన పెట్టెలు

నాన్నగారికి చెవుడు వచ్చిందని అక్క ఫోన్లో చెప్పినప్పుడు నేను కాకినాడలో, పని చేసే ఎరువుల కర్మాగారం క్యాంటీన్ బయట నిలబడి ఉన్నాను. నా కోపం అక్కడే మొదలైంది. "వచ్చినట్టుంది" అనలేదు. "అనుమానంగా ఉంది" అనలేదు. కరెంటు వచ్చింది, కుళాయి వచ్చింది అన్నంత తేలిగ్గా "నాన్నగారికి చెవుడొచ్చేసిందిరా" అంది.

అప్పటికే నిర్ణయాలన్నీ అయిపోయాయి. వరసగా చెప్పింది. బండి తాళం అమ్మ తీసి బీరువాలో పెట్టేసింది, ఎందుకంటే హారన్లు వినపడని మనిషి రోడ్డు ఎక్కకూడదు. మా పొలం నిడదవోలులో రైలు గేటుకి అవతల ఉంది కాబట్టి, బండి లేకపోతే రోజూ వెళ్ళడం కుదరదు కాబట్టి, దాన్ని కౌలుకి ఇచ్చేయాలి. కౌలుకి మనిషిని బావగారు చూశారు. ఆదివారం ఆయన్ని ఇంటికి తీసుకొస్తున్నారు. ఆ తర్వాతి వారం చెవి మిషనుకి కొలతలు.

"చెవుడని ఎవరు తేల్చారు?" అన్నాను.

"తేల్చేదేంటి, వచ్చినప్పుడల్లా చూస్తన్నాంగా. సినిమా పెడితే చాలు, ఏమన్నాడు, ఏమన్నాడు అని మాటమాటకీ అడుగుతున్నారు. మీ బావగారు రాజమండ్రిలో డాక్టరుగారికి చూపించారు. చెవుల్లో గుబిలి తీసి చుక్కలు రాసిచ్చారు. వయసు కదా, కొంత ఉంటుంది అన్నారంట."

"ఫోన్లో నాతో బాగానే మాట్లాడుతున్నారు."

"ఫోన్లో వినపడుతుంది. వార్తలు వినపడతాయి. పాటలు వినపడతాయి. సినిమాలో మాటలే వినపడవు. అమ్మ అంటుంది, ఆయనకి కావలసినవే వినపడతాయంట." అని నవ్వింది.

నా ఉద్యోగం మీటర్లు చూడటం. ఎక్కడో పైపులో ఒత్తిడి ఎంతుందో, ట్యాంకులో మట్టం ఎంతుందో చెప్పే మీటర్లు సరిగ్గా చెబుతున్నాయో లేదో చూడటం. ఒక మీటరు మిగతావాటికి భిన్నంగా చూపించిందనుకోండి. దాన్ని వెంటనే పీకి పారేయకూడదు. పైపు దగ్గర మొదలుపెట్టి, గొట్టం, వైరు, జంక్షన్ బాక్సు, అన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ రావాలి. అన్నీ బాగున్నాయని తేలాకే మీటరు చెడిపోయిందని రాయాలి. మా ఇంట్లో ఒక మనిషి విషయంలో ఎవరూ ఆ పని చేయలేదు. ఫోను వినపడుతుంది, వార్తలు వినపడతాయి, పాటలు వినపడతాయి, సినిమాలో మాటలు మాత్రం వినపడవు. మనిషి ఒకడే, చెవులు అవే. మారుతున్నది ఏంటని ఒక్కరూ అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. మా ఇంట్లో సినిమాలు చూసే హోమ్ థియేటర్ అల్లుడుగారు పెట్టారు.

మా బావగారికి రాజమండ్రిలో టైల్స్ షాపు ఉంది. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే నా కోపం ఆయన మీద అనుకుంటారు. మా ఇల్లు బాగు చేయించుకున్నప్పుడు ఆయన ముచ్చటపడి ఆరు స్పీకరు పెట్టెల సెట్టు తెచ్చి, స్వయంగా గోడలెక్కి బిగించారు. ముందు కుడి ఎడమల రెండు, వెనక రెండు, టీవీ కింద మధ్యలో ఒకటి, మూలన దిమ్మలాంటి బేస్ పెట్టె. వాళ్ళ షాపులోని పాత కంప్యూటరు కూడా తెచ్చి దానికి తగిలించారు. ఇక కేబుల్ కనెక్షన్ దండగ, ఇంటర్నెట్లో అన్నీ వస్తాయని దాన్ని తీయించేశారు. బంధువులందరి ముందు పాట పెట్టి "ఎలా ఉందండీ మావయ్యగారూ?" అని అడిగారు. నాన్నగారు "అద్భుతంగా ఉంది బాబూ" అన్నారు.

మా వైపు అల్లుడికి ఎలాంటి మర్యాద జరుగుతుందో తెలిసినవాళ్ళకి ఇక్కడితో అర్థమైపోతుంది. ఆయన వస్తున్నారంటే పొద్దున్నే పులస చేప ఉందా, లేకపోతే కనీసం రొయ్యలున్నాయా అని బజారంతా గాలిస్తారు. ఆయన కూర్చోకుండా ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే ఉప్పు ఎక్కువైనట్టే, ఆయన బాగుందంటే అందరికీ బాగున్నట్టే. అలాంటి మనిషి బిగించిన పెట్టెల్లో లోపం ఉండటానికి వీల్లేదు. కాబట్టి లోపం ఇంకెక్కడో ఉండాలి. ఇంట్లో లోపం ఉండటానికి అభ్యంతరం లేనిది నాన్నగారి చెవులొక్కటే.

శనివారం మధ్యాహ్నానికే ఇల్లు చేరాను. బావగారు మర్నాడు రావాలి. అక్క అప్పటికే వచ్చి ఉంది. నాన్నగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. సార్వా వరి కోతలయిపోయి, రెండో పంట దాళ్వాకి నారుమళ్ళు సిద్ధం చేసుకునే రోజులవి. ఆ వేళప్పుడు ఆయన ఇంటి దగ్గర కూర్చుని ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. కాళ్ళకి మట్టి లేదు. అది చూస్తే నాకు మండింది.

వంటింట్లోంచి అమ్మ నాతో మామూలు గొంతుతోనే "మజ్జిగ తాగుతావా?" అంది. నేను బదులు చెప్పేలోగా నాన్నగారు వరండాలోంచి "నాక్కూడా ఇయ్యి" అన్నారు. అమ్మ మజ్జిగ తెచ్చి, ఆయన చెవి దగ్గర వంగి, ఊరంతా వినపడేలా "మజ్జిగండీ" అంది. ఆయన గ్లాసు అందుకున్నారు.

"అమ్మా, నువ్వు లోపల అన్నది ఆయనకి అక్కడికి వినపడింది," అన్నాను.

"అవి వినపడతాయిరా. మజ్జిగంటే వినపడుతుంది, మందు వేసుకోండంటే వినపడదు."

సాయంత్రం ఇంట్లో అందరూ సినిమా పెట్టుకున్నారు. నేను సినిమా చూడలేదు, మనుషుల్ని చూశాను. అక్క తెరమీద కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుతోంది. అవి కూడా బావగారు పెట్టినవే, ప్రతి సినిమాకీ వాటంతటవే వస్తాయి. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొహాలు చూసి కథ గ్రహిస్తోంది, అర్థంకాని చోట అక్కని అడుగుతోంది. ఇక నా చెవులకి వినపడింది ఇదీ: బాంబు పేలితే ఇల్లు అదిరింది. వాన కురిస్తే వెనక పెట్టెల్లోంచి నెత్తిన పడ్డట్టే ఉంది. మాటలు మాత్రం మూలనున్న బేస్ పెట్టెలోంచి, మూత వేసిన బానలో ఎవరో మాట్లాడుతున్నట్టు గొణుగుడుగా వచ్చాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. చెవుడు వచ్చినవాళ్ళు డాక్టరుకి చెప్పే లక్షణం సరిగ్గా ఇదే.

"ఏమన్నాడు?" అన్నారు నాన్నగారు.

"చూశావా?" అంది అక్క నాతో.

"నువ్వు చెప్పు, ఏమన్నాడు?" అన్నాను. "కళ్ళు మూసుకుని చెప్పు."

అక్క నన్ను వింతగా చూసింది. కళ్ళు మూసుకోలేదు. ఈ ఇంట్లో అందరూ వింటున్నామనుకుంటున్నారు, ఒకరు చదువుతున్నారు, ఒకరు మొహాలు చూస్తున్నారు. ఇంగ్లీషు చదవడం రాక, మొహాలతో సరిపెట్టుకోలేక ఒక్క మనిషి నిజంగా వినడానికి ప్రయత్నిస్తున్నాడు. వినపడటం లేదని నిజం చెప్పింది ఆయనొక్కడే, తాళం పోయిందీ ఆయనకే.

ఆదివారం పొద్దున్న టిఫిన్ అవగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. చేయాల్సిన పని చాలా చిన్నది. సౌండు సెట్టింగుల్లో ఆరు పెట్టెల బొమ్మ ఉంటుంది. బొమ్మలో ఏ పెట్టెని నొక్కితే ఆ పెట్టె మోగాలి. ముందు ఎడమది నొక్కితే ముందు ఎడమది మోగింది. కుడిది సరే. వెనక రెండూ సరే. మధ్య పెట్టెని నొక్కితే టీవీ కింద ఏమీ వినపడలేదు, మూలనున్న బేస్ పెట్టె గొణిగింది. బేస్ పెట్టెని నొక్కితే టీవీ కింద మధ్య పెట్టె బలవంతాన గరగరలాడింది. రోగం తెలిసిపోయింది. సినిమాలో మాటలు ఎప్పుడూ మధ్య పెట్టెకే వెళతాయి. ఇక్కడ అవి బేస్ పెట్టెకి వెళుతున్నాయి, దానికి లావు శబ్దాలు తప్ప పలకడం రాదు. పాటలూ వార్తలూ రెండు పెట్టెల కోసం తయారైనవి, అవి ముందు రెండింట్లోంచే వస్తాయి కాబట్టి వాటికి ఏ ఇబ్బందీ లేదు.

కంప్యూటరు వెనక మూడు వైర్లు. ఆకుపచ్చది ముందు పెట్టెలకి, నల్లది వెనక పెట్టెలకి, నారింజ రంగుది మధ్య పెట్టెకీ బేస్ పెట్టెకీ కలిపి. ఒక్కో వైరు అవతలి కొసన ఎరుపు పిన్ను ఒకటి, తెలుపు పిన్ను ఒకటి. నారింజ వైరు పిన్నులు రెండూ అటుదిటు అయ్యాయి. అంతే. ఎవరైనా చేసే పొరపాటే, ఎందుకంటే ఏ రంగు దేనికో ఆ వైరు మీద రాసి ఉండదు, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. అందుకే నాకు ఒళ్ళు మండింది. తప్పు పెద్దదైతే ఇంత గొడవ జరిగినందుకు ఒక అర్థం ఉండేది. రెండు పిన్నులు. వాటి మీద డాక్టరు, చుక్కలు, తాళం, కౌలు, మిషను, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు.

అమ్మ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏం చేస్తన్నావురా అక్కడ?"

"వైరు మారుస్తున్నాను."

"ముట్టుకోకు. అల్లుడుగారు పెట్టింది. నువ్వేదో కెలికి పాడుచేస్తే ఆయన వచ్చేసరికి మాటొస్తుంది."

"పాడయ్యే ఉందమ్మా."

"ఆ మాట ఆయన ముందు అన్నావంటే ఊరుకోను," అని గొంతు తగ్గించింది, ఆయన ఇంకా రాజమండ్రిలోనే ఉన్నా.

పిన్నులు మార్చాను. నిన్నటి సినిమానే పెట్టి, నాన్నగారిని పిలిచి టీవీ ఎదురుగా కూర్చోబెట్టాను. మాటలు టీవీ కిందనుంచి విడివిడిగా, స్పష్టంగా వచ్చాయి. ఆయన కాసేపు కదలకుండా విన్నారు. తర్వాత నా చేతిలోంచి రిమోట్ తీసుకుని ఆపేశారు.

"మళ్ళీ ఎలా ఉన్నది అలా పెట్టెయ్యి," అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఏంటండీ?"

"ముందెలా ఉందో అలా. అల్లుడు ముచ్చటపడి పెట్టుకున్నాడు. ఆయనొచ్చి చూస్తే బాగోదు."

"మీకు ముందే తెలుసా?"

"తెలీకపోవడానికేంటి? పక్కింటాయన గేటు గడియ తీస్తే వినపడుతుంది. ఆ పెట్టెలో మాట వినపడట్లేదంటే నా చెవిలో తేడా ఎందుకుంటుంది?"

"మరి చెప్పచ్చు కదండీ."

"ఏమని చెప్పను? నలుగురి ముందు అద్భుతంగా ఉందన్నాక?" ఆయన తలుపు వైపు చూశారు, అమ్మ లేదని చూసుకుని, "మావయ్యగారికి వినపడట్లేదా అని ఆయనే అన్నాడు. కాదు, నీ పెట్టెలే బాలేవు అనమంటావా? కూతుర్నిచ్చిన ఇంటి మనిషిని?"

"దానికోసం చెవిటివాళ్ళయి కూర్చుంటారా?"

"కూర్చుంటే ఏం పోయింది?"

"బండి పోయింది. ఇవాళ పొలం పోతోంది. వచ్చే వారం బాగున్న చెవిలో మిషను దూరుస్తారు. అప్పుడు కూడా అద్భుతంగా ఉంది బాబూ అంటారా?"

నాన్నగారితో నేను అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంట్లో అందరూ ఆయనతో అరిచి మాట్లాడటానికి అలవాటుపడ్డారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పంచె సర్దుకున్నారు.

"లారీ హారన్ కొడితే జరగలేదని తాళం తీసుకున్నారురా," అన్నారు చివరికి. "రైలు గేటు వేసుంది. ముందు నాలుగు బళ్ళున్నాయి. ఎక్కడికి జరగను?"

"ఆ మాట ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదు."

నేను పిన్నులు వెనక్కి మార్చలేదు. మార్చనని చెప్పాను. ఆయన ఇంకోసారి అడగలేదు.

పదకొండు దాటాక బావగారి కారు వచ్చింది. కౌలుకి అడుగుతున్న ఆయన కూడా దిగారు. పక్క ఊరి రైతు, మెత్తగా మాట్లాడే మనిషి. కాళ్ళు కడుక్కోవడాలు, మంచినీళ్ళు, కుశలాలు అయ్యాక, కొత్తగా వచ్చిన ఎవరికైనా చేసినట్టే, బావగారు ఆయనకి హోమ్ థియేటర్ చూపించడానికి సినిమా పెట్టారు. పెట్టి, భోజనం వాసన తగిలినట్టు తల పైకెత్తారు.

"ఇవాళ వాయిస్ భలే వస్తోందే," అన్నారు.

అమ్మ నావైపు చూసిన చూపుకి మామూలుగా అయితే నేను పెరట్లోకి వెళ్ళిపోవాలి.

బావగారు నాన్నగారి వైపు వంగి, గొంతు పెంచి, "మావయ్యగారూ, ఇప్పుడేమన్నా వినపడుతోందాండీ?" అన్నారు.

"వినపడుతోంది బాబూ," అన్నారు నాన్నగారు. "మాటమాటా తెలుస్తోంది. మీరు ఇప్పించిన చుక్కలు పనిచేసినట్టున్నాయి."

నేను నోరు తెరిచాను. అక్క నా కాలు తొక్కింది.

కౌలు ఆయనకి ఈ సంగతులేవీ పట్టలేదు. బావగారి పక్కకి జరిగి, చెవిటి మనిషి ఎదురుగా మాట్లాడుకునే ధీమాతో, చిన్న గొంతుతో అన్నారు. "గట్టు పక్క రెండు మళ్ళూ చౌడండి. అవి కౌలు లెక్కలో వద్దులెండి. పెద్దాయనకి తర్వాత చెప్పుకోవచ్చు."

"చౌడు కాదండి," అన్నారు నాన్నగారు గది అవతలి నుంచి. "ఆ రెంటిలోనే ముందు నారు పోస్తాను."

కౌలు ఆయన ఉలిక్కిపడ్డారు. "మీకు వినపడదన్నారండి."

"నిన్నటిదాకా వినపడలేదండి. ఇప్పుడు వినపడుతోంది. ఈ దాళ్వా నేనే చేసుకుంటాను. మీకు శ్రమిచ్చాం, ఏమనుకోకండి." అని అమ్మ వైపు తిరిగి, మామూలుగా, "తాళం ఇయ్యి," అన్నారు.

అమ్మ అల్లుడుగారి మొహం చూసింది. బావగారు "ఇచ్చేయండత్తయ్యగారూ, వినపడుతోందంటున్నారుగా," అన్నాకే బీరువా తెరిచింది. ఆ ఇంటి యజమానికి ఆయన బండి తాళం అల్లుడుగారి అనుమతి మీద దక్కింది. నాన్నగారు భోజనం దాకా కూడా ఆగలేదు. బండి స్టార్టు చేసి, గేరు వేసి వెళ్ళిపోయారు. కౌలు ఆయన కాఫీ తాగి, బస్సుకి వేళయిందని లేచారు.

అందరూ వంటింట్లో ఉన్నప్పుడు బావగారు కంప్యూటరు వెనక వంగి చూస్తున్నారు. నేను వెళ్ళేసరికి నారింజ వైరు ఆయన చేతిలో ఉంది.

"ఈ పిన్నులు తిరగబడి ఉన్నాయా?" అని అడిగారు.

"అవునండి. పొద్దున్న మార్చాను."

ఆయన వైరు వదిలేశారు. "అంటే మావయ్యగారి చెవులు..."

"బాగానే ఉన్నాయండి. మొదట్నుంచీ."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండేది, నాదీ తీరేది. ఆయన కుర్చీలో కూలబడి, మొహం చేత్తో రుద్దుకున్నారు. "నాకో ఫోన్ కొట్టి మాట రావట్లేదయ్యా అంటే సరిపోయేది కదా. నేనేమన్నా కొడతానా? షాపులో రోజుకి పది మంది టైల్సు వంకరగా వేశావంటారు, వెళ్ళి సరిచేసి వస్తాను. ఆయన్ని డాక్టరు దగ్గర కూర్చోబెట్టి చెవిలో గొట్టం పెట్టించానే. అప్పుడైనా అనొచ్చుగా."

ఎవరి మర్యాద కోసం మా నాన్నగారు చెవుడు ఒప్పుకున్నారో ఆ మనిషికి ఆ మర్యాద అక్కర్లేదు. ఎవరూ ఆయన్ని అడగలేదు, నాన్నగారిని అడగనట్టే. ఇంతసేపూ మోసుకు తిరిగిన కోపాన్ని దించడానికి ఒక మనిషి కూడా లేకుండా పోయాడు.

"భోజనాల దగ్గర నేనే చెబుతాను," అన్నారు బావగారు. "తప్పు నాదని చెప్పేస్తాను. చెవి మిషను వాళ్ళకి కూడా వద్దని చెబుతాను."

నేను నమ్మాను.

విస్తళ్ళు వేశారు. నాన్నగారు పొలం నుంచి ఇంకా రాలేదు. ఆయన రాకుండా మొదలుపెట్టొద్దని బావగారు అన్నా, అల్లుడుగారు ఆకలితో ఉండకూడదని అమ్మ వినలేదు. రొయ్యల వేపుడు వడ్డిస్తూ అమ్మ మొదలుపెట్టింది. ఎన్ని రోజులు ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదో, అల్లుడుగారు ఎలా పనులు మానుకుని దగ్గరుండి తీసుకెళ్ళారో, ఆ చుక్కలు ఎలాంటివో, పక్కింటావిడకి కూడా ఆ డాక్టరుగారి గురించి చెప్పాలని. చెబుతుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి అబద్ధం కన్నీళ్ళు కావు. "మీ దయవల్ల బాబూ, మనిషి మళ్ళీ మనిషయ్యాడు," అంది.

బావగారు నావైపు చూశారు. ముద్ద చేతిలోనే ఉంది. చెప్పబోతున్నారని తెలుస్తోంది. అమ్మ ఇంకో గరిటె వేసింది.

"మంచి చుక్కలే అత్తయ్యగారూ," అన్నారు.

చేయి కడుక్కుని అక్కడినుంచి వెళ్ళిపోవాలనిపించింది. విస్తరి ముందు నుంచి లేవలేదు. అల్లుడుగారు తింటుండగా మధ్యలో లేస్తే బాగోదు.